బోర్డు మీద తెలుగుకు వృత్తలేఖిని వద్దు

తిరుపతిలో బోర్డులు చదివేది ఊరివాళ్లే కాదు. తెల్లవారుజామున రైలు దిగి, చంకలో బిడ్డతో, చేతిలో సంచితో దారి వెతుక్కునే భక్తులూ చదువుతారు. వాళ్లలో చూపు మందగించిన పెద్దవాళ్లు ఎందరో. అందుకే ఇక్కడ అక్షరానికి అందం కన్నా ముందు ఆనవాలు కావాలి. ఆస్పత్రులు, కాలేజీలు, అపార్ట్‌మెంట్ల బోర్డుల మీద ఇప్పుడు గుండ్రటి ఇంగ్లిషు అక్షరాల మోజు కనిపిస్తోంది. గీతంతా ఒకే మందం, కొసలు నున్నన, 'ఓ' అంటే నిండు వృత్తం. పక్కనున్న తెలుగునూ అదే మూసలో పోస్తున్నారు. ఒకే మందం గీతతో, నున్నటి కొసలతో మన లిపికి చిక్కు లేదు. దూరం నుంచి కూడా కంటికి బాగా ఆనుతుంది. చిక్కల్లా ప్రతి అక్షరాన్నీ వృత్తలేఖినితో గీయబోవడంలోనే.

వృత్తాన్ని ఆధారం చేసుకున్న అక్షరాలకు పేరు తెచ్చిన ఫ్యూచురా ఫాంటును 1927లో జర్మనీలో పాల్ రెన్నర్ తెచ్చారు. అందులోనూ వృత్తం నిలువు గీతను తాకే చోట మందం తగ్గించి కంటికి సరిపెట్టారు. ఇంగ్లిషు చిన్నబడి బి, డి, పి, క్యూలను విడదీసేది ఆ నిలువు గీతే. మనకు ఆ ఆసరా లేదు. ఉదాహరణకు, 2022లో కొత్త తిరుపతి జిల్లాలోకి పాకాల, వాకాడు రెండూ వచ్చాయి. ఆ పేర్ల మొదటి అక్షరాలకు తేడా, పైభాగం తెరుచుకుని ఉందా కలిసిపోయిందా అన్నదొక్కటే. వంపులన్నీ ఒకే వృత్తానికి కుదించి, గీత లావు చేస్తే ముందు పూడిపోయేది ఆ సందే. 'ఠ'లో చుక్క, 'ధ' కింది గీత కూడా అలాగే మాయమవుతాయి. చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి వంటి పేర్లకు కింద వొత్తులున్నాయి. ఇంగ్లిషు వరుస ఎత్తుకు సరిపెట్టాలని వాటిని నలిపేస్తే పేరే మారిపోతుంది.

తెలుగు పుట్టుకతోనే గుండ్రం కదా, వృత్తం దాని స్వభావమే కదా అనవచ్చు. కానీ తాటాకు మీద ఘంటం తిప్పిన వంపు నిండు వృత్తం కాదు. తిరుమలలో దొరికిన తాళ్లపాక రాగిరేకుల మీదా అక్షరాలను చేత్తోనే చెక్కారు; చెయ్యి తిరిగిన చోటల్లా వెడల్పు మారుతుంది. గుండ్రదనం వేరు, వృత్తం వేరు. ఈ కాలపు పిల్లలకు కొత్త రూపం నచ్చుతుందన్న మాట మాత్రం నిజం, దాన్ని కాదనను. అందుకు రామభద్ర, బలూ తమ్ముడు వంటి గుండ్రటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఉచితంగానే దొరుకుతున్నాయి. అవి పెద్ద శీర్షికల కోసం చేసినవి. దుకాణం పేరుకు, పండుగ పోస్టరుకు నిండుగా ఉంటాయి. దారి చూపే బోర్డుకు, బస్సు నుదుటి పేరుకు, ఆస్పత్రి వార్డుకు సందులు విప్పారిన ఫాంటే కావాలి. నోటో సాన్స్ తెలుగు వంటివీ ఉచితమే కాబట్టి ఖర్చు సాకు చెల్లదు.

నగరపాలక సంస్థ, ఆర్టీసీ, టీటీడీ అధికారులకు ఒక్క విన్నపం. కొత్త బోర్డు తయారీకి ఇచ్చేముందు పాకాల, వాకాడు, శ్రీకాళహస్తి పేర్లను దానికి ఎంచుకున్న ఫాంటులో అచ్చువేసి, రోడ్డుకు అవతల నిలబడ్డ అరవై ఏళ్ల మనిషి చేత చదివించండి. తడబడితే ఆ ఫాంటు మార్చండి.