దామగుండం ప్రసారం మొదలుకాకముందే తరంగాల కొలత జరగాలి

జలాంతర్గాములకు సందేశాలు పంపేందుకు వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో నౌకాదళం తలపెట్టిన అతి తక్కువ పౌనఃపున్య ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. తిరునెల్వేలి దగ్గర 1990 నుంచి ఉన్న ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ తర్వాత దేశంలో ఇటువంటిది ఇది రెండవది. దీనికోసం నరికే చెట్ల గురించి, మూసీ నది పుట్టుక గురించి సాగుతున్న వాదంలో ఎవరు ఏ పక్షాన ఉన్నా, ఇరుపక్షాలకూ అక్కరకొచ్చే పని ఒకటుంది. ప్రసార కేంద్రం పలకడం మొదలుపెట్టకముందే ఉభయ తెలుగు రాష్ట్రాల కళాశాలలు తమ చుట్టూ ఉన్న తరంగాలను కొలిచి, ఆ నమోదులను అందరికీ అందుబాటులో ఉంచాలి. ఆ తర్వాత పూర్వస్థితిని కొలవడం ఎవరి తరమూ కాదు.

సెకనుకు 3 వేల నుంచి 30 వేల కంపనాలుండే ఈ తరంగాలు నేలకూ, సుమారు 60-90 కిలోమీటర్ల ఎత్తున గాలి విద్యుదావేశం పొందిన అయనావరణపు కింది పొరకూ మధ్య పరావర్తనం చెందుతూ వేల కిలోమీటర్లు పోతాయి. ప్రతి పిడుగూ వీటిని పుట్టిస్తుంది. రాత్రివేళ దూరపు పిడుగుల తరంగాల్లో తక్కువ కంపనాలున్నవి వెనకబడి చేరడం వల్ల, కంప్యూటర్ గీసే చిత్రంలో 1,700 కంపనాల సమీపాన గీత కొక్కెంలా వంగుతుంది. ఇక పగటిపూట కట్టబొమ్మన్ పంపే 18.2 కిలోహెర్ట్జ్ సంకేతపు బలాన్ని గమనిస్తూ ఉంటే, సూర్యునిపై జ్వాల లేచినప్పుడు ఎక్స్ కిరణాలు ఆ కింది పొరను మార్చివేయడంతో గీత సాధారణంగా ఉన్నట్టుండి ఎగసి, తీరిగ్గా దిగుతుంది. డిగ్రీ విద్యార్థికి సూర్యుణ్ణి ఇంతకంటే చవకగా చూపే ప్రయోగం అరుదు.

దీనికి కావలసింది సాఫ్ట్‌వేర్ ఆధారిత రేడియో, అంటే సంకేతాన్ని వేరుచేసి వడగట్టే పనిని విడిభాగాలకు బదులు ప్రోగ్రామే చేసే రేడియో. బజారులో దొరికే టీవీ డాంగిల్ ఇంత తక్కువ పౌనఃపున్యాలను నేరుగా అందుకోలేదు గానీ, కంప్యూటర్‌లోని సౌండ్ కార్డు సెకనుకు 48 వేల నమూనాలు తీసుకుంటే 24 కిలోహెర్ట్జ్ దాకా చూడగలదు. మీటరు చదరపు కర్ర చట్రానికి ఎనామెల్ రాగి తీగను కొన్ని పదుల చుట్లు చుట్టి, చిన్న యాంప్లిఫయర్ ద్వారా సౌండ్ కార్డుకు కలిపితే చాలు. పట్నాల్లో కరెంటు తీగలు, ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు చేసే రొద సహజ తరంగాలను ముంచేస్తుంది కాబట్టి, ఈ పనికి పల్లెటూరి కళాశాలలే మేలు.

ఇందువల్ల రక్షణ రహస్యాలు బయటపడతాయన్న భయం అక్కర్లేదు, ఎందుకంటే ఇక్కడ కొలిచేది సంకేతపు బలాన్నే తప్ప గుప్త సందేశాలను కాదు. పైగా ప్రసారం ఆరోగ్యానికి చేటన్న ఆందోళనకైనా, అదంతా అపోహేనన్న హామీకైనా, ఏ ఊళ్లో ముందెంత, తర్వాతెంత అన్న అంకెలే ఆధారం కావాలి. అందుకే విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర శాఖలు చట్రాలన్నిటినీ ఒకే ప్రమాణానికి సరిచూసి ఇవ్వాలి. గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల సలహా కోరాలి. వేసవి పిడుగులూ చలికాలపు నిశ్శబ్దమూ రెండూ చేరేలా కనీసం ఏడాది నమోదు కావాలి గనుక, పరికరాల ఖర్చును ప్రభుత్వాలు వచ్చే విద్యాసంవత్సరం దాకా ఆగకుండా ఇప్పుడే మంజూరు చేయాలి.