పాత సినిమా ఎవరి ఆస్తి?

1931లో బొంబాయిలో తీసిన ‘కాళిదాస్’లో టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడింది. అదే సినిమాలో తెలుగు సంభాషణలూ ఉన్నాయి. 1936లో ‘మిస్ కమల’కు దర్శకత్వం వహించి దక్షిణాదిన తొలి మహిళా దర్శకురాలయింది కూడా ఆమే. ఈ రెండింటి ప్రతులూ ఇవాళ దొరకవు. సురభి కమలాబాయి లీలావతిగా నటించిన 1932 నాటి ‘భక్తప్రహ్లాద’ గతీ అంతే. అప్పటి నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకునేది, లేదంటే పెట్టెలోనే పొడయ్యేది. మిగిలిన ప్రతుల్ని వెండి కోసం కరిగించి అమ్ముకున్న వాళ్ళూ ఉన్నారు.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల గుట్టల్లో ఏదైనా పాటల పుస్తకం కనబడితే అదే మహాభాగ్యం. జమ్రుద్ లేదు, రామకృష్ణా లేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, సాయుధ పోరాటంలోని స్త్రీలను వెతికి పట్టుకుని వాళ్ళ చేతే మాట్లాడించింది. తొలి తరం సినిమా స్త్రీలను ఇప్పుడు ఎవరిని అడుగుతాం? మిగిలిన సాక్ష్యం ఫిల్మే.

చట్టం ఇక్కడ మనకు అనుకూలమే. సినిమా మీద కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 సంవత్సరాలు. భానుమతి దర్శకత్వంలో 1953లో తెలుగు, తమిళ, హిందీ భాషల్లో వచ్చిన ‘చండీరాణి’ మీద ఆ హక్కు 2013తో ముగిసింది. (కథ, పాటల హక్కులది వేరే లెక్క, అవి రచయితల మరణానంతరం 60 ఏళ్ళ దాకా ఉంటాయి.) సావిత్రి దర్శకత్వం వహించిన ‘చిన్నారి పాపలు’ 1968 నాటిది, 2028 ముగిసేదాకా ఆగాలి. కానీ హక్కు తీరినంత మాత్రాన సినిమా మన చేతికొస్తుందా? నెగెటివ్ ఎవరి గోదాములో ఉంటే వాళ్ళదే పెత్తనం.

యూట్యూబ్‌లో ఉన్నాయిగా అంటారు. ఉన్నాయి, మసకబారి, కత్తిరింపులతో, ప్రకటనల మధ్య. పెట్టినవాళ్ళు రేపు తీసేస్తే అడిగే దిక్కు లేదు. కంపెనీ దయను భద్రపరచడమంటామా? 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ పుస్తకాలనూ సినిమాలనూ ఉచితంగా అందిస్తున్నట్టే, పుణెలో 1964 నుంచీ ప్రజాధనంతో నడిచే ఫిల్మ్ ఆర్కైవ్ కూడా హక్కులు తీరిన సినిమాలను శుభ్రంగా స్కాన్ చేసి పూర్తి నిడివితో ఆన్‌లైన్‌లో పెట్టాలని మనం అడగాలి. నాంపల్లి వనితా మహావిద్యాలయంలో చదివే అమ్మాయి పైసా కట్టకుండా, ఎవరి సిఫారసూ లేకుండా ‘చండీరాణి’ చూడగలగాలి. ప్రతి సినిమాకూ పేర్ల పట్టిక కూడా ఉండాలి. అందులో హీరోయిన్‌తో పాటు గుంపులో నాట్యమాడినవాళ్ళూ, గొంతు అరువిచ్చినవాళ్ళూ, దుస్తులు కుట్టినవాళ్ళూ దొరికినంత మేరకు చేరాలి.