మఱల దత్తమండలమా?

తొలకరి వాన పడినదో లేదో, కర్నూలు జిల్లాలోని జొన్నగిరి, తుగ్గలి ప్రాంతముల చేలలో జనులు వంగి వజ్రములు వెదకుట మన సీమలో అందఱెఱిగిన సంగతియే. ఒక యింటిలోని యన్నదమ్ములలో అన్న ఆ వజ్రముల వేటనుగూర్చిన దృశ్యమొకదానిని యూట్యూబులో చూచెననుకొందము. తమ్ముడు శనగపైరునకు పట్టిన పచ్చపురుగును గూర్చి చూచెననుకొందము. మఱునాడు ఇరువురును తమతమ మొబైళ్లలో ఆ వెబ్‌సైటునే తెఱచిరి. అన్నకు వజ్రములు, వాని వెనుక లంకెబిందెలు, లంకెబిందెల వెనుక నిధులను చూపు అంజనములు. తమ్మునికి పురుగుమందులు, వాని వెనుక విత్తనములమ్మువారు, వారి వెనుక అప్పులిచ్చువారు. చిరునామా ఒక్కటే, వాకిలి ఒక్కటే, లోపలి యిల్లు మాత్రము వేఱు. ఇట్లు వేఱుచేయుమని వారిలో ఎవ్వడును అడుగలేదు. వేఱుచేసితిమని వారితో ఎవ్వరును చెప్పలేదు. మన చేష్టను చూచి మనకు చూపవలసినదానిని నిర్ణయించువాడెవడు? ఏమి చూచి, ఎవరి మేలుకొఱకు నిర్ణయించుచున్నాడు? మా పాఠకులు ఈ ప్రశ్నలను తమవిగా గ్రహింపవలెనని కోరుచున్నాము.

ఇందులో ఇంద్రజాలమేమియు లేదు. మనము ఏ పుటను తెఱచితిమి, దేనిపై వ్రేలుంచితిమి, ఎంతసేపు నిలిచితిమి, ఎక్కడ విసిగి వెడలితిమి, ఎప్పుడు తిరిగి వచ్చితిమి—ఇదియంతయు అవతలి యంత్రములో వ్రాయబడును. వచ్చినవాడు నిన్నటివాడేయని గుర్తించుటకు కుకీయను చిన్న చీటీని మన యంత్రమునందే దాచియుంచు పద్ధతి 1994లో పుట్టినది. ఆపిమ్మట మనవంటి నడకగల యితరుల నడకతో మన నడకను పోల్చి, వారు తరువాత దేనిని ముట్టిరో దానిని మనముందుంచుదురు. ఒక వస్తువును కొన్నవారు మఱి యేవేవి కొనిరో లెక్కగట్టి చూపు పద్ధతిని అమెజాను అంగడి 1998 నాటికే అవలంబించెను. నేడు వార్తలు, పాటలు, వస్తువులు, స్నేహములు, అన్నియు ఈ లెక్కనుబట్టియే మన కన్నులయెదుటికి వచ్చుచున్నవి.

నేర్చుకొనుట తప్పని మేము చెప్పుట లేదు. మంచి అంగడివాడు తన బేరగాండ్ర అవసరమెఱిగి సరకు తెప్పించును. మంచి గ్రంథాలయాధికారి చదువరుల అభిరుచిని కనిపెట్టి క్రొత్త పుస్తకములు తెప్పించును. 1883లో కర్నూలున జన్మించి, 1908లో స్వరాజ్య పత్రికలోని వ్రాతకై చెఱసాల కేగి, పిమ్మట గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును జీవితమును ధారపోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మన సీమవారే. వారు ప్రేమించిన పఠనమందిరములలో ఎవరు ఏ పుస్తకము కొనిపోయిరో వ్రాయు పుస్తకము బల్లమీదనే యుండెడిది. చదువరి తన పేరును తానే చూచుకొనెడివాడు. బీరువాలోని పుస్తకములు వచ్చిన వారందఱికిని ఒక్క వరుసలోనే కనబడెడివి. నేర్చుకొనుట అక్కడను గలదు. కాని ఆ నేర్పు బట్టబయలుగా నుండెను.

చిత్రమేమనగా, వచ్చిపోవువారి అడుగుజాడలనుండి తానే నేర్చుకొని తన్నుతాను దిద్దుకొను వెబ్‌సైటును మొదట తలపోసినవారును ఇట్టి బయలు నేర్పునే తలపోసిరి. 1997లో అమెరికాలోని వాషింగ్టను విశ్వవిద్యాలయమునకు చెందిన పెర్కోవిట్జ్, ఎట్జియోనీ యను శాస్త్రజ్ఞులు ఈ యాశయమును పండితులముందు ఒక సవాలుగా నుంచిరి. సంగీత యంత్రములనుగూర్చిన యొక వెబ్‌సైటును తీసికొని, ఒకే రాకలో జనులు ఏయే పుటలను కలిపి చూచుచున్నారో లెక్కించి, అట్టివానికి ఒక క్రొత్త సూచికను సిద్ధముచేయు యుక్తిని కనిపెట్టిరి. కాని వారు తమకుతామే రెండు హద్దులు గీచికొనిరి. ఉన్నదానిని చెఱుపరాదు, క్రొత్తదానిని చేర్పవచ్చును, ఇది మొదటిది. యంత్రము సూచించిన సూచికను ఆ వెబ్‌సైటును నడపు మనుష్యుడు చూచి ఒప్పుకొనవలెను, ఇది రెండవది. అట్లు చేర్చిన సూచిక ఒక్కనికిగాక వచ్చినవారందఱికిని కనబడును. నల్లరేగడి చేలగట్లవెంట పదిమంది నడచి వేసిన కాలిబాట యెట్టిదో అదియు నట్టిదే. పదుగురి పాదములు వేసినబాట పదుగురికిని కనబడును. ఇష్టమున్నవాడు నడచును, లేనివాడు వేఱుదారి పట్టును.

ఆ కాలిబాట నేడేమైనది? అందఱికొఱకు ఒక్కచోటును బాగుచేయుట పోయి, ఒక్కొక్కని కన్నులకు ఒక్కొక్క గంతను కట్టుట వచ్చినది. 2012లో యూట్యూబువారు దృశ్యములను నొక్కినవారి లెక్కకన్న వానిని చూచినకాలపు లెక్కకే ప్రాధాన్యమిచ్చిరి. అనగా యంత్రమునకు నేర్పిన పాఠము, మనకు ఉపయోగపడుమని కాదు, మనలను కదలనీయకుమని. 2018లో ఆ సంస్థవారే చెప్పినదానినిబట్టి, జనులు చూచు కాలములో నూటికి డెబ్బదిపాళ్లకు మించి యంత్రము సూచించిన దృశ్యములవలననే. మనము వెదకి చూచుచున్నామని మురియుచున్నాము. నిజమునకు వడ్డించినదే తినుచున్నాము.

ఇక్కడ మన చరిత్రలోని యొక పాతపుట మాకు స్ఫురించుచున్నది. 1800వ సంవత్సరమున నైజాము, కంపెనీవారి సైన్యమునకు ఖర్చుక్రింద, తనకు మైసూరు యుద్ధములలో లభించిన సీమలను కంపెనీకి ధారపోసెను. కడపయు బళ్ళారియు అనంతపుర ప్రాంతమును అట్లు చేతులు మారినవి. కర్నూలు నవాబు సీమ 1839లో కంపెనీ పాలయ్యెను. ఇచ్చినవాడొకడు, పుచ్చుకొన్నవాడొకడు. ఇయ్యబడిన ప్రజలను అడిగినవాడు లేడు. అందువలననే ఈ సీమకు దత్తమండలములని పేరు వచ్చినది. నేడు ఇంగ్లీషులో డేటా యనుదానికి మన పాఠ్యపుస్తకములు దత్తాంశమని పేరుపెట్టినవి. పండితులు ఏ యుద్దేశముతో పెట్టిరోగాని, రాయలసీమవాని చెవికి ఆ మాట గుచ్చుకొనవలసినదే. దత్తమనగా ఇయ్యబడినది. ఎవరిచ్చిరి? చదువనలవిగాని నిబంధనల పట్టికక్రింద, ఇంగ్లీషులో, ‘అంగీకరించితిని’ యను గుండీని నొక్కుటయేనా దానము?

కంపెనీ దొరతనమునకును ఈ క్రొత్త కంపెనీలకును ఒక్క భేదము కలదు; అది క్రొత్తవారికి గౌరవము తెచ్చునదికాదు. 1800 నుండి 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరుగానుండిన మన్రో పొలము పొలమును కొలిపించి శిస్తు కట్టించెను. ఆ శిస్తు భారమైనదేయని 1807లో ఆయనయే దానిని నాల్గవవంతు తగ్గింపవలెనని వ్రాసెను. పరప్రభుత్వపు కొలత అన్నమునకు కొలత. దానిని మేము పొగడుట లేదు. కాని రైతువారీ పద్ధతిలో రైతుచేతికి పట్టా వచ్చెడిది. నీ పొలమింత, నీ శిస్తింతయని అందుండెడిది. లెక్క కనబడెను గనుకనే అది హెచ్చని వాదింప వీలయ్యెను. నేడు మన మనస్సును గజముగజముగా కొలిచినవారు మన చేతికిచ్చిన పట్టా యేది? మనలను దురాశాపరుడని వ్రాసికొనిరో, రోగియని వ్రాసికొనిరో, ఋణగ్రస్తుడని వ్రాసికొనిరో ఎట్లు తెలియును? తెలియనిదానిని దిద్దుమని యెవరిని అడుగుదుము?

దీనికి ప్రతివాదులు చెప్పు సమాధానములు మేమెఱుగనివి కావు. మీకు నచ్చినదే యిచ్చుచున్నాము, ఉచితముగా నిచ్చుచున్నాము, నచ్చనివారు రాకుందురుగాక యందురు. నచ్చుట యనగా నేమి? పగలు తెలివితో కోరునది నచ్చినదా, అర్ధరాత్రి అలసిన వ్రేలు ఒఱిగినచోటు నచ్చినదా? ఆకలిగొన్నవాడడిగిన యన్నమును పెట్టుట వేఱు; వాని నాలుక యెక్కడ లొంగునో కనిపెట్టి దానినే మఱలమఱల వడ్డించుట వేఱు. కల్లుదుకాణదారుడును తన వాడుకరి యలవాటెఱిగినవాడే. దానిని మనము అతిథిమర్యాద యనుట లేదు. ఉచితమందురా, ప్రకటనలవారు చెల్లించు సొమ్ము ఎవరి చూపునకు వెల? రాకుందురుగాక యనుటయు న్యాయముకాదు. పరీక్షాఫలితములు, ఉద్యోగప్రకటనలు, ధాన్యపుధరలు, బంధువుల క్షేమసమాచారములు, అన్నియు ఆ వాకిళ్లలోనే చేరినపిమ్మట రాకుండువాడు ఊరు విడిచినవానితో సమానుడు.

మనవంటి మెట్టసీమకు ఈ పద్ధతివలన వేఱొక నష్టము కలదు. అధికసంఖ్యాకుల అడుగుజాడలను బట్టి నేర్చుయంత్రము అల్పసంఖ్యాకుల అవసరమును తనంతట కానజాలదు. పదిలక్షలమంది చూచు సినిమాగీతమునకు యంత్రమునొద్ద బలమైన సాక్ష్యముండును. కొఱ్ఱపైరునుగూర్చియో, ఎండిన గొట్టపుబావికి మఱల నీరూరు ఉపాయమునుగూర్చియో ఏ కృషివిజ్ఞానకేంద్రమువారో చేర్చిన దృశ్యమును నూర్గురు చూతురు. దానికి సాక్ష్యము చాలదు. అది క్రిందికి జాఱును. జాఱినదిగాన మఱి తక్కువమంది చూతురు. తక్కువమంది చూచిరిగాన మఱింత జాఱును. వాననీరు పల్లమునకే పోవునట్లు, ఈ జాలమునందు చూపులును చూపులున్నచోటికే పోవును. నీటికి గట్టువేసి చెఱువు నింపుట మన పెద్దలెఱిగిన విద్య. చూపులకు గట్టువేయు విద్య మనకింక అలవడలేదు.

శాసనములు లేవా? కలవు, చాలవు. ఆంతరంగికత పౌరుని మూలహక్కేయని 2017 ఆగస్టు 24న సర్వోన్నత న్యాయస్థానమున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2023లో వ్యక్తిగత దత్తాంశరక్షణ చట్టము వచ్చినది. తన్నుగూర్చి యేమి పోగుచేయబడెనో దాని సారాంశమును అడుగుటకును, తప్పును దిద్దించుటకును, తుడిపించుటకును అది పౌరునికి హక్కిచ్చినది. బాలుర నడవడిని వెంటాడి కనిపెట్టుటను నిషేధించినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. ముఖ్యవిధులు అమలగుటకు పదునెనిమిది నెలల గడువీయబడినది. సంతోషమే. కాని, ‘నా నడకను లెక్కింపక, అందఱికి చూపు వరుసనే నాకును చూపుము’ అని కోరు హక్కు అందులో లేదు. ఐరోపావారు 2022లో చేసిన శాసనములో అది యున్నది. నాలుగున్నరకోట్లకు మించిన వాడుకరులుగల ప్రతి మహాసంస్థయు అట్టి వరుస నొకదానిని అక్కడ చూపితీరవలెను. అవే కంపెనీలు, అవే యంత్రములు. అక్కడ సాధ్యమైనది కడపలో అసాధ్యమగుట యెట్లు?

ప్రభుత్వమువారితోను ఒకమాట. 2025 జనవరి 30న మన రాష్ట్రప్రభుత్వము ‘మనమిత్ర’ యను పేర 161 సేవలను వాట్సాపుద్వారా ప్రారంభించెను. కచేరీలచుట్టు తిరుగు బాధ తగ్గుట మేలే. ఎవరో అపచారము చేసిరని మేము ఆరోపించుట లేదు. కాని కచేరీ వాకిలిని పరాయి కంపెనీ మండువాలో తెఱచినపుడు, ఆ మండువాలో ఎవరు ఏమి వ్రాసికొందురో ప్రజలకు తెలుగులో చెప్పు బాధ్యత కచేరీదే.

కావున మా కోరికలు మూడు. మొదటిది పట్టా: మమ్ముగూర్చి యేమి వ్రాసికొంటిరో, దేనినిబట్టి దీనిని ముందుంచితిరో, అడిగినతోడనే తెలుగులో చూపవలెను. రెండవది సాదావరుస: నడకలెక్కలేని పుటను ఒక్క గుండీతో ఎవరైనను పొందగలుగవలెను. మూడవది ప్రభుత్వపు వెబ్‌సైట్లకు: జనులు ఎక్కడ దారితప్పుచున్నారో చూచి నేర్చుకొనుడు, బాగుచేయుడు, కాని 1997 నాటి హద్దులలో, మనుష్యుడు చూచి ఒప్పుకొన్నపిమ్మట, అందఱికిని ఒక్కటిగా.

శాసనము వచ్చువఱకు చేతులు ముడుచుకొననక్కఱలేదు. పఠనమందిరములవారు వారమునకొక సాయంకాలము కూర్చుండి, మొబైలులోని చరిత్రపట్టికను తెఱచుట, తుడుచుట, ఆపుట పదిమందికి నేర్పవచ్చును. యూట్యూబులో ఆ పట్టిక నాపినయెడల, 2023 నుండి మొదటిపుట సూచనలులేక వెలవెలబోవును; వెదకుకొనుటకు మాత్రము అడ్డములేదు. కాపలాకు ఒప్పుకొన్నవానికి విందు, ఒప్పుకొననివానికి ఖాళీవిస్తరి! ఐనను ఆ ఖాళీపుటను ఒక్కమాఱు చూడుడు. ఏమి వెదకవలెనో మనకు మనమే తలచుకొనవలసిన యవస్థ యెంత క్రొత్తగా తోచునో, మన మెంతకాలమునుండి తలచుట మానితిమో అంతగా తెలియును.

1928లో నంద్యాలలో ఆంధ్రమహాసభ కూడినప్పుడు, దత్తమండలమను పేరు అవమానకరమని త్రోసివేసి, చిలుకూరి నారాయణరావుగారు సూచించిన రాయలసీమయను పేరును మనవారు ధరించిరి. భూమి యదే, ఎండ యదే, కఱవు నదే; మారినది ఒక్కటే—ఇయ్యబడినవారమను తలంపు పోయినది. నాడు నేలకు తుడిచిన పేరును నేడు మన మనస్సులకు తగిలించుకొందుమా?