గూడేనికి కుర్చీ లేని మండలి ఎవరి కోసం?



మార్కాపురం జిల్లా కావాలని మన పడమటి ప్రాంతం ఏళ్ళ తరబడి అడిగింది. 2025 నవంబరులో ప్రభుత్వం సరేనంది. అందరూ సంతోషపడ్డారు, మేమూ పడ్డాం. ఇక మేం అడిగేది ఒకటే. కలెక్టరాఫీసు దగ్గరికొస్తే సరే, గూడెం మాట ఆ ఆఫీసు దాకా ఎట్లా పోతుంది?

మనకు జిల్లా మారడం కొత్త కాదు. మార్కాపురం, గిద్దలూరు ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కింద కలిపారు. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. బోర్డు మారిన ప్రతిసారీ గూడెం మాత్రం చిట్టచివరే ఉండిపోయింది.

నల్లమలలో ఒక చెంచు గూడేనికి రోడ్డు కావాలనుకోండి. తీర్మానం పంచాయతీది. నిధులు మండల పరిషత్తో జిల్లా పరిషత్తో ఇయ్యాల. ఐటీడీఏ శ్రీశైలంలో ఉంది, అది నంద్యాల జిల్లా. అడవి పులుల అభయారణ్యం కిందికి వస్తుంది, అనుమతి అటవీ శాఖది. ఇంతమందీ ఒక బల్ల దగ్గర కూర్చునే రోజే లేదు. ఎక్కడికి పోయినా ‘మీ ఫైలు ఇక్కడ లేదు, అక్కడుంది’ అంటారు.

గ్రామసభ ఉంది కదా అంటారు కొందరు. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాలకే వర్తిస్తుంది. మన ప్రకాశం గూడేలు ఆ జాబితాలో లేవు. కృష్ణ అవతల అమ్రాబాద్ చెంచులకు ఉన్న రక్షణ ఇవతల చెంచులకు లేదు. అడవి ఒకటే, జాతి ఒకటే, చట్టం మాత్రం రెండు రకాలు!

అయినా దారి లేకపోలేదు. రాజ్యాంగం 243జడ్‌డీ అధికరణ ప్రతి జిల్లాకూ ప్రణాళికా కమిటీ ఉండాలంటుంది. పంచాయతీల, మునిసిపాలిటీల ప్రణాళికలను కలిపి ఒకటిగా చేయడం, నీళ్ళు, ప్రకృతి వనరుల పంపకం చూడడం దాని పని. సభ్యుల్లో కనీసం అయిదింట నాలుగు వంతులను జిల్లా పరిషత్తు, మునిసిపాలిటీల సభ్యులు తమలోంచే ఎన్నుకోవాలి. ఒక వార్డుకు మించని గూడెం మనిషి ఆ ఎన్నిక దాకా పోయేదెప్పుడు? అందుకే మిగిలిన ఆ అయిదో వంతు మాకు ముఖ్యం. అక్కడ చెంచు, సుగాలి, యానాది, ఎరుకల ప్రతినిధులను కూర్చోబెట్టడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, మనసుంటే చాలు.

గుండ్లకమ్మ మన నల్లమలలో పుట్టి కంభం చెరువు నింపుతుంది. నీళ్ళిచ్చే కొండ మీదోళ్ళు లేకుండా నీళ్ళ పంపకం మాట్లాడడం ఏం న్యాయం?

ఉత్త సలహా కమిటీ వల్ల ఏమొస్తుందని ఇంకొందరు అడుగుతారు. సరైన ప్రశ్నే. 1958లో శాసనసభ్యులతో తెలంగాణ ప్రాంతీయ సంఘం వేశారు. తెలంగాణ మిగులు నిధులు ఏమైనయ్ అన్న తగాదా దాంతో తీరలేదు, 1969లో అది ఉద్యమంగా బయటపడింది. 1973 తర్వాత ఆ సంఘమే లేకుండా పోయింది. లెక్క చేతిలో లేని మండలి మాట ఎవరూ వినరని ఆ కథ చెప్తుంది. కాబట్టి కుర్చీ ఒక్కటే చాలదు, లెక్కా కావాలి.

మా డిమాండ్లు ఇవీ:

కొత్త జిల్లాలో ప్రణాళికా కమిటీని కాగితం మీద కాకుండా నిజంగా నడపాలి, అందులో గూడేలకు చోటివ్వాలి. ప్రతి సమావేశానికీ ఐటీడీఏ, అటవీ అధికారులు వచ్చి రాతపూర్వకంగా జవాబివ్వాలి. గిరిజన నిధుల ఖర్చు గూడెం వారీగా బల్ల మీద పెట్టాలి. అటవీ సరిహద్దు పంచుకునే నంద్యాల, పల్నాడు జిల్లాలతో కలిసి కూర్చునే ఏర్పాటుండాలి. అటవీ హక్కుల చట్టం 3(2) కింద గ్రామసభ సిఫారసు చేస్తే హెక్టారు లోపు స్థలంలో రోడ్డు, బడి, తాగునీటి పనులకు అటవీ భూమి ఇవ్వొచ్చు. ఆ ఫైళ్ళు ఎన్ని వచ్చినయ్, ఎన్ని ఆగినయ్ అన్నది అక్కడే చదివి వినిపించాలి.

మన తప్పూ చెప్పుకుందాం. ఒక సీటు వస్తుందంటే చెంచు, సుగాలి అని మనలో మనమే తగువు పడతాం. ఆ తగువులో గెలిచేది మూడోవాడే.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ప్రతి ఒక్కరం ఒక పని చేద్దాం. పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక నకలు అడుగుదాం. అందులో మన గూడెం పేరుందా, ఏ పని రాశారు, ఎంత రాశారు చూసి గ్రూపులో పెడదాం. అన్నీ ఒకచోట చేరితే అదే మన మొదటి అర్జీ. అడగందే అమ్మయినా అన్నం పెట్టదు, కలెక్టరు పెడతాడా?

జోహార్.