యుద్ధము మరల వచ్చునా?

2025వ సంవత్సరపు వేసవి సెలవులు ముగిసి జూను మాసమున పాఠశాల తెరువబడిన మొదటి వారములోనే, తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు చరిత్ర పాఠము నడుమ లేచి, "అయ్యగారూ, యుద్ధము మరల వచ్చునా?" అని మమ్మడిగెను. ఆనాటి పాఠము తళ్లికోట యుద్ధమును గూర్చినది. అతడడిగినది మాత్రము భారత పాకిస్తానములను గూర్చి. మేము "దేవుని చిత్తము" అని చెప్పి పాఠమును సాగించితిమి. అది ప్రత్యుత్తరము కాదని మాకప్పుడే తెలియును. ఉపాధ్యాయుడు తన విద్యార్థికి బాకీ పడియుండరాదు గనుక, దానిని ఈ సంచికలో తీర్పబూనుచున్నాము.

కాశ్మీరము మనకు వేయి మైళ్లకు పైగా దూరమున నున్నది. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల వారికి ఆ యుద్ధముతో నేమి పని యని యెవరైన ననవచ్చును. అట్లనువారు గోరంట్ల మండలములోని కల్లితండాకు పోయి రావలెను. ఆ తండాలో పుట్టి పెరిగి సైన్యములో చేరిన మురళీ నాయక్ అను యువకుడు, అధీనరేఖయొద్ద పాకిస్తాను కాల్పులలో 2025 మే 9వ తేదీన ప్రాణము విడిచెను. మరునాడు, అనగా మే 10వ తేదీ సాయంకాలము 5 గంటలకు, ఇరుపక్షములును కాల్పులు నిలిపివేసిరి. మే 11వ తేదీన ఆ తండాలో అతనికి ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిగెను. యుద్ధము నిలిచినదన్న వార్తయు, ఆ బిడ్డ భౌతికకాయమును, మన సీమకు ఇంచుమించు ఒక్కసారే వచ్చి చేరినవి. కావున ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు.

ఆ విద్యార్థి తళ్లికోట పాఠములో ఈ ప్రశ్న నడుగుట అసందర్భమని మేము మొదట తలచితిమి. పిమ్మట ఆలోచింపగా అంతకంటె సందర్భము వేరొకటి లేదని తోచినది. విజయనగరము 1336లోను, బహమనీ రాజ్యము 1347లోను వెలసినవి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు అంతర్వేది కొరకు ఈ రెండు పొరుగు రాజ్యములును, బహమనీల పిమ్మట వచ్చిన సుల్తానులును, రెండు వందల యేండ్లకు పైగా పోరాడిరి. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరును గెలిచెను. 1565లో తళ్లికోటయొద్ద అళియ రామరాయలు హతుడయ్యెను. తిరుమలరాయలు విజయనగరమును విడిచి మన పెనుకొండకు వచ్చి రాజధాని నిలిపెను. పండ్రెండేండ్లైన తిరుగకమునుపే బిజాపురపు సేనలు పెనుకొండ కోటను ముట్టడించినవి. గెలుపు పొందినవాడు ఇక యుద్ధముండదని తలచెను. ఓడినవాడు తన దినము కొరకు కాచుకొనియుండెను. ప్రతి సంధియు ఎవరు గెలిచిరో చెప్పెను గాని, అంతర్వేదిని గూర్చిన తగవు తీరు దారిని చూపలేదు. తగవు తీరనప్పుడు యుద్ధము ముగియదు; విశ్రమించును.

ఇచట నొక హెచ్చరిక చేయవలసియున్నది. దీనిని రెండు మతముల పోరాటమని చెప్పుట సులభము. కాని అది సంపూర్ణ సత్యము కాదు. రెండవ దేవరాయలు తన సైన్యములో ముసల్మాను ధానుష్కులను, ఆశ్వికులను చేర్చుకొనెను. రామరాయలు దక్కను సుల్తానులలో నొకసారి ఒకరితోను, వేరొకసారి మరియొకరితోను చెలిమి చేసెను. నేటికిని పెనుకొండలో బాబయ్య దర్గాకు హిందువులును ముసల్మానులును కలిసి మ్రొక్కుబడులు చెల్లించుచున్నారు. రాజులు భూమి కొరకు పోరాడిరి. ప్రజలు ఒకే బావి నీరు త్రాగిరి.

ఇక మన కాలమునకు వత్తము. 1947లో దేశవిభజన జరిగిన కొలది వారములలోనే కాశ్మీరము కొరకు మొదటి యుద్ధము కలిగెను. 1949 జనవరి 1న అది నిలిచినది. 1965లో రెండవది వచ్చెను; 1966 జనవరిలో తాష్కెంటులో ఒప్పందము జరిగెను. 1971లో మూడవది వచ్చి బంగ్లాదేశము పుట్టెను. 1972 జూలైలో సిమ్లా ఒప్పందము జరిగెను. 1999లో కార్గిలు కొండలపై నాలుగవది జరిగెను. 2025 ఏప్రిల్ 22న పహల్గాములో ఉగ్రవాదులు 26 మందిని చంపిరి. హతులలో మన విశాఖపట్టణము వారొకరు, కావలి వారొకరు నుండిరి. మే 7వ తేదీ వేకువకు ముందే మన సైన్యము 'ఆపరేషన్ సిందూర్' అను పేర తొమ్మిది స్థలములపై దాడి చేసెను. నాలుగు దినములు ఫిరంగులు, డ్రోనులు, క్షిపణులు తమ పని తాము చేసినవి.

ఇది మరల వచ్చునని భయపడుటకు మూడు హేతువులు కలవు. మొదటిది, కాశ్మీరమును గూర్చిన తగవు 1947లో నున్నట్లే నేటికిని తీరక యుండుట. రెండవది, యుద్ధమునకు నిప్పు పెట్టువారు సింహాసనముల మీద గాక చీకటిలో నుండుట. కొందరు సాయుధులు ఒక మైదానములో చేసిన పాపమునకు రెండు మహారాజ్యములు కదలవలసివచ్చును. మూడవది, ప్రతి పర్యాయమును ప్రతీకారము మునుపటి మెట్టు కంటె పైమెట్టు నెక్కుట. 2016లో మన సైనికులు అధీనరేఖను దాటి వచ్చిరి. 2019లో విమానములు బాలాకోటు వరకు పోయినవి. 2025లో పాకిస్తానీ పంజాబులోని బహావల్పూరు, మురిద్కేల పైని దెబ్బ పడినది. మెట్లెక్కుట తెలిసినంత సులభముగా దిగుట యెవరికిని తెలియదు.

అణ్వస్త్రములున్నవి గనుక ఇక యుద్ధము రాదని కొందరు పెద్దలు వాదింతురు. ఈ వాదములో సగము నిజము కలదు. 1998 మే మాసములో రెండు దేశములును అణుపరీక్షలు జరిపెను. ఏడాది తిరిగినంతనే కార్గిలు యుద్ధము వచ్చెను. అనగా అణ్వస్త్రము మహాయుద్ధమును అడ్డగించునేమో గాని, చిన్న యుద్ధమును అడ్డగింపజాలదు. పైగా, పెద్దది రాదన్న ధైర్యము చిన్నదానికి సాహసము నిచ్చును.

అయినను నిరాశ చెందరాదు. మనము తరచు గమనింపని కొన్ని చిన్న కట్టుబాట్లు కలవు. 1988 డిసెంబరు 31న ఇరుదేశములును ఒండొరుల అణుకేంద్రములపై దాడి చేయరాదని ఒడంబడిక చేసికొనినవి. దాని ప్రకారము 1992 మొదలు ఏటేట జనవరి 1వ తేదీన తమ కేంద్రముల జాబితాలను ఇచ్చిపుచ్చుకొనుచున్నారు. కార్గిలు పిమ్మటను, బాలాకోటు పిమ్మటను ఈ వాడుక తప్పలేదు. 2025 మే 10న కాల్పులు నిలిచినది ఇరుసైన్యముల అధికారులు టెలిఫోనులో మాటలాడుకొనుట వలననే. పూర్వము బహమనీ సుల్తానును బుక్కరాయలును ఘోరమైన రక్తపాతము పిమ్మట, ఇకమీదట నిరాయుధులను చంపరాదని కట్టుబాటు చేసికొనిరని ఫెరిస్తా వ్రాసియున్నాడు. శత్రువులు సహితము మాట యిచ్చి నిలుపుకొనగలరు.

ఇట్టి మాటలలో నొకటి సడలినపుడు మనము కలతపడవలెను. 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖానులు సంతకము చేసిన సింధుజలముల ఒడంబడిక అట్టిది. తూర్పు నదులు మూడు మనకు, పశ్చిమ నదులు మూడు వారికి ముఖ్యముగా చెందునట్లు అందు నిర్ణయింపబడెను. మూడు యుద్ధములకు చెక్కుచెదరని ఆ పత్రమును పహల్గాము హత్యాకాండ పిమ్మట 2025 ఏప్రిల్ 23న మన ప్రభుత్వము నిలుపుదల చేసెను. హత్యలు చూచి ఊరకుండుట ప్రభుత్వధర్మము కాదని మేమెరుగుదుము. అయినను నీటి తగవెట్టిదో అనంతపురపు సీమవారికి వేరొకరు నేర్పనక్కరలేదు. మైసూరు సీమలో పుట్టి మనవైపు పారు నదులను గూర్చి 1892లో మద్రాసు ప్రభుత్వమునకును మైసూరు సంస్థానమునకును ఒడంబడిక జరిగెను. దానిపై గొణుగుడు నేటికిని తీరలేదు. అయినను న్యాయస్థానములలో వాదించుకొంటిమే గాని ఫిరంగులతో కాదు. కాగితము మీది తగవు నేల మీది తగవు కంటె వేయి రెట్లు మేలు.

కావున మా యభిప్రాయమిది. మహాయుద్ధము వచ్చుట అరుదు. 2025లో వచ్చినట్టి కొలదిదినముల యుద్ధము మరల వచ్చుటకే యెక్కువ అవకాశము కలదు. దానిని చిన్నదని పిలుచుటకు మాత్రము మాకు నోరు రాదు. కల్లితండాలోని ఆ తలిదండ్రులకు అది చిన్న యుద్ధము కాదు.

దీనిలో మనము చేయదగినదేమి? ముందుగా మా తప్పు నొప్పుకొందుము. ఆ నాలుగు దినములలో కరాచీ రేవు నాశనమైనదని రాత్రివేళ వార్త పుట్టినది. మేమును దానిని నమ్మి, సంతసించి, తెల్లవారగనే రైల్వేస్టేషనుయొద్ద టీ అంగడిలో పదిమందికి చెప్పితిమి. అది అబద్ధమని పిదప తేలినది. పిల్లలకు సత్యము నేర్పువారము ఒక పట్టణపు వినాశమునకు ఉబ్బిపోయితిమి. అది జరగలేదని తెలిసినప్పుడు నిట్టూర్చితిమి. ఆ నిట్టూర్పును తలచుకొనిన ఇప్పటికిని సిగ్గగుచున్నది.

రెండవది మా మైదానములో మేము కన్నులార చూచినది. జూనులో బాలురు ఆటకు రెండు జట్లుగా చీలి, ఒకదానికి ఇండియా అనియు, మరియొకదానికి పాకిస్తాను అనియు పేర్లు పెట్టుకొనిరి. రెండవ జట్టులో నుండుట కెవ్వరు నొప్పుకొనరైరి. అప్పుడొకడు హిందూపురపు ముసల్మాను బాలుని చూపి, "వీడున్నాడుగా" అనెను. అందరును నవ్విరి. ఆ బాలుడును నవ్వెను. కాని రెండు దినములు ఆటకు రాలేదు. అతని తాతముత్తాతలు ఈ నేలమీదనే పుట్టి ఈ నేలలోనే కలిసిరి. ఆ నవ్వులో మనము మన సరిహద్దును మన మైదానము నడుమకు తెచ్చికొంటిమి. సరిహద్దున కాపు కాయు సైనికుడు ఇందు కొరకా ప్రాణమిచ్చునది?

శాంతిని కోరుట పిరికితనమని కొందరందురు. కాదు. దేశమును కాచుట సైనికుని ధర్మము. ఆ ధర్మమును మేము గౌరవింతుము. ద్వేషమును కాచి పెంచుట మాత్రము ఎవరి ధర్మమును కాదు. తలిదండ్రులారా, ఇంటిలో మీరాడు మాటలే మరునాడు మైదానములో మాకు వినవచ్చును.

ప్రియ విద్యార్థీ, నీ ప్రశ్నకు మా ప్రత్యుత్తరమిది: రావచ్చును. రాకుండ నాపుట నీ చేతిలోను మా చేతిలోను లేదు. కాని అది వచ్చిననాడు అబద్ధమును మోయకుండుట, ప్రక్క బల్లమీది వానిని శత్రువుగా చూడకుండుట మన చేతిలోనే యున్నవి. ఆటకు రాని ఆ బాలుని మూడవనాడు చేయిపట్టుకొని తోడుకొని వచ్చినది నీవేయని మేము తరువాత తెలిసికొంటిమి. మేము చెప్పవలసిన ప్రత్యుత్తరములో సగము నీవప్పుడే చెప్పితివి.