వైద్యుని అడగడం ధిక్కారం కాదు

వైద్యుడు దేవునితో సమానమని మన పెద్దలు చెప్పారు. ఆ గౌరవంలో తప్పు లేదు. కాని ఆ గౌరవం నోరు మెదపనీయని భయంగా మారితే రోగికీ, వైద్యునికీ నష్టమే. థైరాయిడ్ మందు విషయంలో ఈ నష్టం మన ఇళ్లలోనే కనబడుతున్నది.

ఆళ్ళగడ్డ నుండి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. మన తల్లులు, అక్కలు బస్సెక్కి వచ్చి, రక్తపరీక్ష చేయించుకొని, వైద్యుని ఎదుట కొద్ది నిమిషాలు కూర్చుంటారు. "జీవితాంతం వాడాలి" అన్న మాట విని, మందుల చీటీతో వెనుదిరుగుతారు. ఎందుకన్న సందేహం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఇంటికి చేరిన పిదప కొందరు మాత్ర మానివేస్తారు. కొందరు పొరుగింటివారిని చూసి మోతాదు మార్చుకుంటారు. వైద్యుని గదిలో పలుకవలసిన అసమ్మతి మందుల డబ్బా దగ్గర పలుకుతున్నది. మేము వద్దంటున్నది దీనినే.

సందేహం అజ్ఞానం కాదు. గ్రంథి తగినంత థైరాక్సిన్ తయారు చేయనప్పుడు మాత్ర తప్పనిసరి. అయితే టి.ఎస్.హెచ్. కొద్దిగా పెరిగి, థైరాక్సిన్ సక్రమంగా ఉన్నవారికి మందు అవసరమా అన్న విషయంలో వైద్యులలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. అటువంటి వృద్ధులపై ఐరోపాలో జరిగిన పరిశోధన 2017లో వెలువడింది. మాత్ర వల్ల వారి బాధలలో చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. మోతాదు మించితే గుండె లయ తప్పవచ్చు, ఎముకలు బలహీనపడవచ్చు. మరోవైపు, ఈ మందులో సగం శరీరం నుండి తొలగడానికే సుమారు వారం పడుతుంది. మానిన మరునాడు ఏమీ తెలియదు. అందుకే అవసరం లేదన్న భ్రమ కలుగుతుంది. గర్భవతి అలా మానివేస్తే కడుపులోని బిడ్డకు కూడా ప్రమాదం.

రంజాన్ మాసాన్ని తీసుకొందాం. "పరగడుపున వేసుకోండి" అని వైద్యుడంటాడు. ఉపవాసంలో ఎలాగని అడగలేక కొందరు నెలంతా మాత్ర మానివేస్తారు. అడిగితే మార్గం ఉన్నది. సహరీకి అరగంట ముందు గాని, రాత్రి భోజనమైన మూడు నాలుగు గంటలకు నిద్రపోయేముందు గాని వేసుకొనే వీలున్నది. ఒక్క ప్రశ్నతో తీరే చిక్కు ఇది.

వైద్యుల పక్షాన కూడా బాధ్యత ఉన్నది. రోగి కోరితే చికిత్స వివరాల పత్రాలు 72 గంటలలో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి. పత్రమే ఇవ్వవలసి ఉండగా కారణం చెప్పడం భారమా? గది బయట జనం కిక్కిరిసి ఉంటారన్నది నిజమే. అయినా కారణం తెలిసిన రోగి మందు సక్రమంగా వాడుతాడు. వైద్యుని శ్రమ వృథా కాదు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మన ఇంటివారితో పాటు వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు పాత పరీక్షల కాగితాలు తీసుకొని వెళదాం. ఎందుకు ఈ మందు, ఎంత మోతాదు, మళ్ళీ పరీక్ష ఎప్పుడు అని వినయంగా అడుగుదాం. సమాధానం తృప్తినివ్వకపోతే మరొక వైద్యుని సలహా తీసుకొందాం. అంతవరకు మాత్ర మాత్రం మానవద్దు.

కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. 2023లో నంద్యాలలోనే ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. అక్కడి ఆచార్యులను రంజాన్‌కు ముందు ఆహ్వానించి, తెలుగు, ఉర్దూ భాషలలో ఒక సభ జరిపించండి. ఆ సభలో మన తల్లులు నిర్భయంగా ప్రశ్నలు వేసిననాడు మన చదువుకు సార్థకత.