సర్కారుకి రెండొందల యాభై రూపాయల జరిమానా

మన సమావేశాల్లో బాబాల గురించి, వాస్తు గురించి, జాతకాల గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. మంచిదే. కానీ ఒక మూఢనమ్మకం గురించి మాత్రం ఎవరూ నోరెత్తగా నేను వినలేదు. "రాజు తప్పు చెయ్యడు" అనేదే అది. రాజులు ఎప్పుడో పోయారు కదా, ఇంకేం మిగిలింది అంటారా? అది ఎంత మొండి నమ్మకమో తెలియాలంటే కలకత్తా మునిసిపల్ మెజిస్ట్రేటు కోర్టు దాకా రావాలి.

"చిల్లర నేరాల కోర్టు మీద వ్యాసమా? మనకు వేరే పని లేదా?" అన్నాడు ఒక మిత్రుడు. చిల్లర కోర్టే. లైసెన్సు లేని వ్యాపారం, అనుమతి లేని గోడ, ఫుట్‌పాత్ మీద సామాను లాంటివి. 1980 నాటి కార్పొరేషన్ చట్టం కింద వచ్చే నేరాలు విచారించడానికి రాష్ట్ర ప్రభుత్వం మునిసిపల్ మెజిస్ట్రేట్లను నియమిస్తుంది. హత్యలు, దోపిడీలు అక్కడికి రావు. కాబట్టి పత్రికలవాళ్లూ రారు.

నేను మాత్రం అలాంటి కోర్టుకి ఒకసారి వెళ్లాను. సాక్షిగా కాదు, ముద్దాయిగా. ఇరవై ఏళ్ల కిందటి మాట. మేడ మీద గది వేయిస్తూ ఇసుక రోడ్డు మీద పోయించాను. రెండు రోజుల్లో ఎత్తిస్తానన్నది పది రోజులైంది. తప్పు నాదే, ఒప్పుకుని జరిమానా కట్టి రసీదు తీసుకున్నాను. రసీదు ఇప్పటికీ ఫైల్లో ఉంది, ముప్పై ఏళ్లు డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసినవాడికి అది రోగం. నాతోపాటు ఆ రోజు ఒక చేపలమ్మ, ఒక టీకొట్టు కుర్రాడు నిలబడ్డారు. మా వీధిలో పూజ అయిపోయి నెల దాటినా వెదుళ్లు తియ్యని క్లబ్బువాళ్లు మాత్రం అక్కడ లేరు. వాళ్ల సంగతేమిటని పక్కనున్న గుమాస్తాని అడిగితే, "దాదా, ఆప్ నోయే ఆయే హ్యాయ్ క్యా?" అని నవ్వాడు. కొత్తగా వచ్చావా అని!

ఇక అసలు కథ. ఖిదిర్‌పూర్‌లో ఆర్ఫన్‌గంజ్ బజారు ఉంది. అరవైలలో దాన్ని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వమే నడిపేది. బజారు నడిపేవాడు ఎవడైనా కార్పొరేషన్ దగ్గర లైసెన్సు తీసుకోవాలని 1951 నాటి కలకత్తా మునిసిపల్ చట్టం చెప్పేది. ప్రభుత్వం 1960-61కి తీసుకోలేదు. కార్పొరేషన్ ఊరుకోలేదు, రాష్ట్ర ప్రభుత్వాన్నే ముద్దాయిగా పెట్టి ఫిర్యాదు చేసింది. మెజిస్ట్రేటు ఏమన్నాడు? ఈ చట్టం ప్రభుత్వానికి వర్తించదు పొమ్మన్నాడు. హైకోర్టు ఆ తీర్పు తిరగేసి, లైసెన్సు విషయంలో ప్రభుత్వమైనా పౌరుడైనా ఒకటే అని చెప్పి, 250 రూపాయల జరిమానా వేసింది.

ఆ 250 రూపాయల మీద ప్రభుత్వం సుప్రీం కోర్టు దాకా వెళ్లింది! వకీళ్ల ఫీజులు ఏ పద్దులో రాశారో గాని, నా చేతికి ఆ బిల్లు వచ్చి ఉంటే అభ్యంతరం రాసి వెనక్కి పంపేవాణ్ణి.

ప్రభుత్వానికి ధైర్యం ఊరికే రాలేదు. 1960లో ఇదే కార్పొరేషన్‌కీ రేషనింగ్ శాఖకీ మధ్య ఇలాంటి కేసే వచ్చింది. లైసెన్సు లేకుండా బియ్యం నిల్వ చేశారని ఫిర్యాదు. చట్టంలో ప్రభుత్వం పేరు రాసి ఉంటే తప్ప, లేదా తప్పనిసరిగా ఆ అర్థం వస్తే తప్ప, ఆ చట్టం ప్రభుత్వాన్ని కట్టడి చెయ్యదని సుప్రీం కోర్టు మెజారిటీ తీర్పు. జస్టిస్ వాంఛూ ఒక్కరే విభేదించారు. రాజ్యాంగం వచ్చి పదేళ్లయ్యాక కూడా ఇంగ్లండు రాజుగారి కిరీటం మన రేషన్ గోడౌను మీద వేలాడుతూనే ఉందన్నమాట.

దాన్ని దించింది 1966 డిసెంబరు 7. తొమ్మిది మంది న్యాయమూర్తులు కూర్చున్నారు. ప్రధాన న్యాయమూర్తి రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. (మనవాడని పొంగిపోవద్దు. నాలుగు నెలలకే పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డ మనిషి, దాని మీద నాకు వేరే తగాదా ఉంది.) ఆయన చెప్పింది సూటిగా ఉంది: ఆ నియమం రాజు విశేషాధికారాల్లోంచి పుట్టింది, సమానత్వం మీద నిలబడ్డ గణతంత్రంలో దానికి చోటు లేదు. చట్టం మినహాయిస్తే తప్ప ప్రభుత్వం కూడా పౌరుడిలాగే చట్టానికి లోబడాలి. జస్టిస్ షా ఒక్కరే ఒప్పుకోలేదు. జరిమానా నిలిచింది.

ఇందులో కొత్తేమీ లేదు నిజానికి. 1902లోనే మద్రాసులో గన్ కారేజ్ ఫ్యాక్టరీ సూపరింటెండెంటు లైసెన్సు లేకుండా, సుంకం కట్టకుండా ఊళ్లోకి కలప తెస్తే మునిసిపాలిటీ కేసు పెట్టింది. తెల్లదొరల రాజ్యంలో, ఫిరంగుల బళ్లు చేసే ఫ్యాక్టరీ మీద! చట్టంలో పేరు లేకపోయినా ప్రభుత్వం కట్టాల్సిందేనని మద్రాసు హైకోర్టు అంది. ఆయుధ ఫ్యాక్టరీల లెక్కలు చూసి బతికినవాణ్ణి, ఈ కేసు చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం మీకు చెప్పలేను.

ఇక్కడ తెలివైనవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు. "సర్కారు జరిమానా కడితే అది మళ్లీ సర్కారుకే కదా? కుడిచేత్తో తీసి ఎడమచేతికి ఇచ్చినట్టు." నేను కామర్స్ చదువుకున్నాను, నాకు ఈ మాట అసలు నచ్చదు. లెక్కల్లో ఒక చెయ్యి ఇంకో చెయ్యి కాదు. ఏ శాఖ కట్టిందో ఆ శాఖ పద్దులో ఖర్చు పడుతుంది. ఎందుకు కట్టావని ఆడిట్ అడుగుతుంది. ఒక అధికారి సంతకంతో జవాబు రాయాలి. సర్కారు లోపల బాధ్యత అనేది ఎక్కడైనా పుడితే ఆ జవాబు కాగితం మీదే పుడుతుంది. జరిమానా ఎంతన్నది కాదు ముఖ్యం, ఫలానా శాఖ తప్పు చేసిందని ఒక న్యాయమూర్తి రాయడం ముఖ్యం.

ఇప్పుడు ఆ రాసే చెయ్యే పోతోంది. 2023 నాటి జన్ విశ్వాస్ చట్టం 42 కేంద్ర చట్టాల్లో 183 నిబంధనలు మార్చింది. చాలా చోట్ల జైలు తీసేశారు, బాగానే ఉంది. చిన్న తప్పుకి మనిషిని జైల్లో పెట్టమని నేనూ అనను. కానీ అనేక చోట్ల కోర్టుని కూడా తీసేసి, జరిమానా నిర్ణయం అధికారి చేతిలో పెట్టారు. మన హేతువాద మిత్రులే కొందరు "కోర్టుల భారం తగ్గుతుంది" అని చప్పట్లు కొట్టారు. ఒక్కటి అడుగుతాను. ఆర్ఫన్‌గంజ్ కేసు మెజిస్ట్రేటు దగ్గర కాక ఒక శాఖాధికారి బల్ల మీదకి వచ్చి ఉంటే? తన ప్రభుత్వానికి తానే జరిమానా రాసే అధికారిని మీరెప్పుడైనా చూశారా? ఆ మెజిస్ట్రేటు తప్పు తీర్పు ఇచ్చాడు, నిజమే. కానీ అది కోర్టు తీర్పు కాబట్టే అప్పీలు మీద అప్పీలు వెళ్లి, తొమ్మిది మంది దాకా చేరి, దేశానికంతా ఒక సూత్రం మిగిలింది.

ప్రభుత్వం దాకా ఎందుకు, దేవుడి సంగతి చూడండి. రోడ్ల మీద, పార్కుల్లో అనుమతి లేకుండా కొత్తగా గుడి, మసీదు, చర్చి, గురుద్వారా ఏదీ కట్టనివ్వొద్దని సుప్రీం కోర్టు 2009 సెప్టెంబరులో చెప్పింది. మీ వీధి చివర ఆ తర్వాత వెలిసినవి లెక్కపెట్టుకోండి. టీకొట్టుకి నోటీసు వస్తుంది, దాని పక్కన పలకలు అతికించిన చిన్న గుడికి రాదు. పూజ కమిటీలకు బెంగాల్ ప్రభుత్వం 2018లో తలా పదివేలు ఇచ్చింది, 2025కి అది 1,10,000 అయింది. పందిరికి అనుమతి ఉంటుంది, కాదనను. కానీ అనుమతికి గడువు కూడా ఉంటుంది. డబ్బు ఇచ్చిన సర్కారు గడువు దాటిందని కేసు పెడుతుందా? "రాజు తప్పు చెయ్యడు" అన్నది "రాజుగారి దేవుడు తప్పు చెయ్యడు" అయింది, అంతే.

2025 జూన్‌లో అదే ఆర్ఫన్‌గంజ్ బజారు ఒక రాత్రి తగలబడింది. వందల దుకాణాలు బూడిదయ్యాయి. లైసెన్సు లేకనే మంట పుట్టిందని నేను అనడం లేదు, ఆధారం లేని మాట మనం చెప్పకూడదు. అయితే లైసెన్సు, తనిఖీ, దారి వెడల్పు, నీళ్ల గొట్టం లాంటి "చిల్లర" నిబంధనలు ఎవరి కోసం ఉన్నాయో ఆ రోజు వీధిన పడ్డ కొట్టువాళ్లని అడిగితే తెలుస్తుంది.

వచ్చే సమావేశానికి ఒక సమాచార హక్కు దరఖాస్తు రాసి తెస్తున్నాను. రెండే ప్రశ్నలు. గత పదేళ్లలో మునిసిపల్ మెజిస్ట్రేటు ముందు ప్రభుత్వ శాఖల మీద ఎన్ని ఫిర్యాదులు దాఖలయ్యాయి? మత సంస్థల మీద, పూజ కమిటీల మీద ఎన్ని? పది రూపాయల స్టాంపు నేనే పెట్టుకుంటాను. సంతకాలకి మాత్రం మీరు రండి.